తెర అచ్చున తెలుగక్షరము: బళ్ళారి గృహపరిశ్రమయందలి ముద్రణదోషములు, వాని నివారణము

బళ్ళారి నగరము నేడు జీన్సు దుస్తుల కుట్టుపనికి పేరొందినది. పెక్కు వీధులలో ఇంటింటను కుట్టుయంత్రముల చప్పుడు వినవచ్చును. బట్టను కత్తిరించుట ఒకరి పని, కుట్టుట వేరొకరి పని, గుండీలు బిగించుట ఇంకొకరి పని. ఇట్లు ఒక దుస్తు పలు చేతులు మారి అంగడి చేరును. ఈ కుట్టుపని నీడలో పెరిగిన చిన్నపరిశ్రమ మరియొకటి కలదు. అది టీ షర్టులపై అక్షరములను, చిహ్నములను అచ్చువేయు పని. దీనినే లోకమున స్క్రీన్ ప్రింటింగు అందురు. ఈ వ్యాసమున దానిని తెర అచ్చు అని వ్యవహరింపబడినది. ఒక కొయ్యచట్రము, ఒక బల్ల, రెండుమూడు రంగు డబ్బాలు, ఒక ఇస్త్రీపెట్టె ఉన్నచో ఇంటి ముందుగదిలోనే ఈ పని సాగించవచ్చును. ఆగస్టు 15వ తేది స్వాతంత్ర్యదినము, వినాయకచవితి, నవంబరు 1వ తేది కన్నడ రాజ్యోత్సవము, పాఠశాలల క్రీడోత్సవములు, ఇవి ఈ పనివారికి పంటకాలములు.

ఈ పని తెలుగువారికి మరియొక హేతువుచే గమనింపదగినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరగా, బళ్ళారితోకూడ తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రమున చేరినవి. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు నాటకములు రచించిన ఊరు, బళ్ళారి రాఘవ (1880-1946) వెలసిన ఊరు అయిన బళ్ళారిలో తెలుగు నేటికిని ఇంటిభాషగాను, కొన్ని పాఠశాలలలో బోధనభాషగాను నిలిచియున్నది. కాని వీధిలో కంటబడు తెలుగక్షరములు సహజముగనే తక్కువ. అంగడి పలకపై, గోడపత్రముపై, బడిపిల్లవాని చొక్కాపై కనబడు నాలుగక్షరములే ఆ భాషకు వీధిలోని ఉనికి. ఆ నాలుగక్షరములును తప్పులేక పడవలయునని కోరుట అత్యాశ కాదు.

తప్పు ఎంత సులభముగా దొరలునో ఒక్క మాట చాలును. ‘పాఠశాల’ అను మాటలో ఠకారమునకును రకారమునకును గల భేదము నడుమనున్న చుక్క మాత్రమే. అచ్చున ఆ చుక్క పడకపోయినచో ‘పాఠశాల’ ‘పారశాల’ యగును. రంగు మిక్కిలి పారి ఆ వృత్తము పూడినచో అక్షరమే మసిముద్దయగును. అట్లే ద-ధ, డ-ఢ, చ-ఛ, ప-ఫ జంటలలో క్రిందనుండు చిన్నగీతయే భేదకము. ఆ గీత చెరగినచో ‘ఫలము’ ‘పలము’గా మారి, పండు పోయి పాతకాలపు తూనికరాయి మిగులును. గుండ్రని ఆకృతులు, చిన్న ఒత్తులు, లోచుక్కలు గల తెలుగులిపికి ఈ ముద్రణవిధానము నిజమైన పరీక్ష.

ధనవిషయమును చూతము. అచ్చువేయువానికి టీ షర్టు 120 రూపాయలకు వచ్చి, అచ్చుకూలి 25 రూపాయలు దక్కుననుకొందము. ఒక షర్టు చెడినచో దాదాపు ఐదు షర్టుల కూలి దానితో పోవును. కాగితముపై తప్పుపడినచో చించి వేరొకటి తీసికొనవచ్చును. బట్టపై పడిన రంగును వెనుకకు తీయుట అసాధ్యప్రాయము. కావున దోషము కనబడినపుడు దాని పుట్టుచోటును త్వరగా కనుగొనుటయే ఈ పనిలోని ప్రధానవిద్య. ఆ విద్యను వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

తెర స్వరూపము

రేకును అక్షరాకృతిలో కత్తిరించి గోనెసంచులపై రంగు పూయుట చిరకాలముగ ఉన్న పద్ధతియే. అందొక చిక్కు కలదు. ‘ర’ వంటి వృత్తాక్షరమును కత్తిరించినపుడు వృత్తము నడిమి ముక్క ఆధారము లేక రాలిపోవును. దానిని నిలుపుటకు రేకున అచ్చటచ్చట వంతెనలు విడువవలయును. అందుచే అక్షరము ముక్కలుగా కనబడును. ‘ఠ’ విషయమున చిక్కు రెండింతలు. ఏలయన, రాలిపోవు నడిమి ముక్కలోనే మరల చుక్క కొరకు రంధ్రము కావలయును.

జపానుదేశీయులు తమ కాగితపు అచ్చులలోని ఇట్టి విడిభాగములను సన్నని పట్టుదారములతో నిలిపిరి. 1907లో ఇంగ్లండునందలి మాంచెస్టరువాసి శామ్యూల్ సైమన్ పట్టుబట్టను చట్రమునకు బిగించి ముద్రించు విధానమునకు పేటెంటు పొందెను. నేడు పట్టునకు బదులు పాలియెస్టరు వల వాడబడుచున్నను ‘సిల్కు స్క్రీను’ అను పాతపేరు పోలేదు. వలలోని ప్రతి దారమును ఒక వంతెనయే. అది మిక్కిలి సన్ననగుటచే రంగు దానిచుట్టు కలిసిపోయి, అచ్చులో దాని జాడ కనబడదు. అందువలననే వృత్తమును, దానిలోని చుక్కయు తమ తమ చోటుల నిలుచును.

వల సాంద్రతను సెంటీమీటరునకు గల దారముల సంఖ్యచే చెప్పుదురు. 43 దారముల వల, అనగా అంగుళమునకు సుమారు 110, పెద్దయక్షరములకును ముదురుబట్టపై తెల్లరంగునకును చాలును. సన్నని పనికి 61 దారముల వల మేలు. 43 దారముల వలలో ఒక గడి సుమారు 0.23 మిల్లీమీటరు. ఒక చుక్క నిలువవలెనన్న కనీసము మూడు గడులైనను ఆక్రమింపవలయును, అనగా 0.7 మిల్లీమీటరు. అంతకంటె చిన్నచుక్క ఒకసారి పడును, ఒకసారి పడదు. కావున బొమ్మ గీయునపుడే ఠకారపు చుక్క ఒక మిల్లీమీటరునకు తగ్గకుండునట్లును, చుక్కకు వృత్తమునకు నడుమ మరియొక మిల్లీమీటరు ఖాళీ ఉండునట్లును చూచుకొనుట మంచిది. అంత చోటు లేనిచో అక్షరమును పెద్దది చేయవలెనేకాని రంగుతో పోరాడరాదు.

పనిక్రమము ఇది. మొదట బొమ్మను పారదర్శకమైన ఫిల్ముపై నల్లగా తీయుదురు. వలపై కాంతికి గట్టిపడు ఎమల్షను పూసి చీకటిలో ఆరవేయుదురు. ఫిల్మును దానికానించి వెలుతురున ఉంచుదురు. వెలుతురు సోకిన చోట ఎమల్షను గట్టిపడును. నల్లని అక్షరము క్రిందనున్న భాగము మెత్తగానే యుండి, నీటితో కడుగగా జారిపోవును. ఆ తెరువుల గుండ రంగును రబ్బరుపట్టీతో, అనగా స్క్వీజీతో, బట్టపైకి త్రోయుదురు. తుదకు వేడిచే రంగును స్థిరపరచుదురు.

దోషములను గుర్తించు రీతి

అనుభవము లేనివారు అచ్చు చెడినంతనే రంగును మార్చుదురు, ఒత్తిడిని పెంచుదురు, నీరు కలుపుదురు. మూడును ఒకేసారి చేయుటచే ఏది మేలు చేసెనో ఏది కీడు చేసెనో తెలియకపోవును. దానికి మారుగా, పాతబట్టపై వరుసగా మూడు అచ్చులు వేసి పోల్చి చూడవలయును. మూడింటను ఒకే చోట ఒకే తప్పున్నచో దోషము తెరలోనిది. దానిని స్థిరదోషమనవచ్చును. తప్పు ఒక్కొక్క అచ్చున ఒక్కొక్క చోట కనబడినచో దోషము చేతిలోనో, రంగులోనో, బట్ట పరచుటలోనో యున్నది. అది చరదోషము. మొదటి షర్టు చక్కగా వచ్చి పదవ షర్టు చెడినచో రంగు తెరలో ఎండుచున్నదని గ్రహింపవలయును. అచ్చు నాడు చక్కగానుండి ఉతికిన పిదప చెడినచో అది వేడిమి చాలని దోషము. ఈ నాలుగు తెగలను వేరుపరుపగలిగినవానికి సగము పని తీరినట్లే.

తెరలోని స్థిరదోషములు

మొట్టమొదట తెరను ఆకాశమునకెత్తి చూడవలయును. తెరచియుండవలసిన అక్షరము గుండ వెలుతురు తేటగా రావలయును. మూసియుండవలసిన చోట చుక్కయైనను మెరయరాదు.

కడిగినపుడు అక్షరముతోపాటు చుట్టునున్న ఎమల్షను గూడ జారిపోయినచో వెలుతురు చాలలేదనియైనను, పూత లోపల తడి మిగిలియుండెననియైనను తెలియవలయును. పైకి ఎండినట్లు కనబడు మందపుపూత లోన పచ్చిగానుండుట కలదు. అందుకు విరుద్ధముగా ఎంత కడిగినను అక్షరము తెరచుకొననిచో వెలుతురు ఎక్కువైనదనియో, ఫిల్మునకు పూర్వమే తెరకు వెలుతురు సోకెననియో, వేడిమిచే పూత ముందే గట్టిపడెననియో తలపవలయును. ఈ కడపటి కారణము బళ్ళారి వంటి ఊళ్ళలో మిక్కిలి తరచు. ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును. రేకుకప్పు క్రిందిగదిలో వేడిమి ఇంకను హెచ్చు. అట్టిచోట పూసిన తెరను దినములకొలది ఉంచినచో చీకటిలో ఉన్నను అది చెడును. వేసవిలో రాత్రి పూసి, ఫంకా గాలికి ఆర్చి, మరునాటి ఉదయముననే వాడుకొనుట క్షేమము.

ఎంతసేపు వెలుతురు చూపవలెనన్న ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. ఎమల్షను, పూత మందము, వలరంగు, దీపము, ఎండలోనైనచో మాసము, వేళ, వీనినిబట్టి అది మారును. కావున మెట్ల పరీక్ష చేయవలయును. ఠ, ధ, ఫ వంటి అక్షరములను ఒకే వరుసలో పలుమార్లు వ్రాసిన ఫిల్మును తెరపై నుంచి, నల్లకాగితముతో కప్పి, సమమైన వ్యవధులలో కొంచెము కొంచెముగా కాగితమును జరుపవలయును. కడిగిన పిదప ఏ మెట్టున ఎమల్షను గట్టిగా నిలిచి, ఠకారపు చుక్కయు తేటగా తెరచుకొనునో అదియే సరియైన కాలము. ఈ పరీక్ష ఒక్క తెరను వ్యయపరచును. పలు తెరలను కాపాడును.

చుక్క మాత్రమే మూసుకొనిపోయి తక్కిన అక్షరము చక్కగా ఉన్నచో రెండు కారణములు వెదుకవలయును. ఒకటి, ఫిల్ముపై నలుపు పలుచనగుట. లేజరు ముద్రణమున పలుచని కాగితముపై తీసిన బొమ్మ కంటికి నల్లగానున్నను దీపమునకెత్తి చూచిన బూడిదవర్ణముగ తోచును. దానిగుండ వెలుతురు దూరి చుక్కను గట్టిపరచును. రెండు, ఫిల్మునకు ఎమల్షనునకు నడుమ సందుండుట. ఆ సందులో వెలుతురు ప్రక్కలనుండి చొచ్చి సన్నని భాగములను తినివేయును. తెర లోపల మెత్తని స్పాంజి, పైన బరువైన గాజుపలక ఉంచి ఫిల్మును గట్టిగా ఒత్తుట దీనికి మందు. ఫిల్ముయొక్క సిరావైపు ఎమల్షనునకే ఆనవలయును. తెర లోపలివైపునుండి చూచినపుడు అక్షరములు సూటిగా చదువబడవలయును. తలక్రిందైనచో బట్టపై అద్దములోని వ్రాతవలె పడును.

కడిగినపుడు తెరువులో కంటికానని సన్నని పొర మిగిలి, ఆరిన పిదప రంగును అడ్డగించుట గూడ కలదు. ఇరువైపుల మెల్లగా కడిగి, నీరు దిగజారునపుడు తెరువులను మరల ఆకాశమునకెత్తి చూచి, పొర కనబడినచో ఇంకను కడుగవలయును.

అక్కరలేని చోట సూదిమొన వంటి రంధ్రములు పడినచో కారణము వలపై జిడ్డు, గాజుపై దుమ్ము, ఎమల్షనులో గాలిబుడగ. ఇవి తెలుగువ్రాతకు ప్రత్యేకముగ అపాయకరములు. రకారపు నడుమ ఒక రంధ్రము పడినచో ‘వీరులు’ ‘వీఠులు’ అగుదురు. వలను ముందుగా సబ్బునీట కడిగి ఆర్చుట, ఎమల్షనును కలిపిన వెంటనే వాడక బుడగలు తేలిపోవువరకు నిలువనుంచుట, గాజును తుడుచుట ఇందుకు ఉపాయములు. పడిన రంధ్రమును సన్నని కుంచెతో ఎమల్షను అద్ది, మరల వెలుతురు చూపి పూడ్చవచ్చును.

ఫిల్మునకు పూర్వపు దోషమొకటి చెప్పకతప్పదు. తెలుగును సరిగా కూర్పలేని కొన్ని బొమ్మల సాఫ్టువేరులు ఒత్తులను అక్షరమునుండి విడదీసి ప్రక్కన నిలుపును. ‘క్రీడోత్సవము’ విడివిడి ముక్కలుగ వచ్చును. దీనిని ఏ తెరయు దిద్దలేదు. కూర్పును సరియైన చోట చేసి, అక్షరములను గీతలుగా మార్చి, అటుపిమ్మట బొమ్మలో చేర్చవలయును. ఫిల్ము తీయకముందే తెలుగు చదువనేర్చిన ఒకరు దానిని అక్షరమక్షరము చదువుట తప్పనిసరి.

చేతిలోను రంగులోను పుట్టు చరదోషములు

అక్షరపు అంచులు పారి వృత్తములు పూడుట మొదటిది. రంగులో నీరెక్కువగుట, స్క్వీజీని మిక్కిలి పండబెట్టి లాగుట, రబ్బరు అంచు గుండ్రముగ అరుగుట, ఒకేచోట పలుమార్లు లాగుట, తెర క్రిందిభాగమున రంగు అంటియుండుట దీనికి కారణములు. స్క్వీజీని బల్లకు సుమారు 60 నుండి 75 డిగ్రీల వాలుగ నిలిపి, ఒకే ఒత్తిడితో ఒకటి రెండు సారులు లాగుట చాలును. తెరకు బట్టకు నడుమ రెండు నాణెముల మందమున, అనగా సుమారు 3 మిల్లీమీటర్ల ఎడముంచినచో స్క్వీజీ దాటినంతనే వల తనంతట పైకి లేచును. రంగు అంచున పారదు. కొన్ని అచ్చుల కొకసారి పాతకాగితముపై ఒక అచ్చు వేసి తెర క్రిందిభాగమును శుభ్రపరుపవలయును.

రంగు పారుటకు బట్టయు కారణము కావచ్చును. గంజి, నూనె, మెరుగుద్రవ్యములు గల కొత్తబట్ట నీటిరంగును సమముగా పీల్చదు. ఇచ్చట మన కలంకారీ పనివారి జ్ఞానము స్మరింపదగినది. శ్రీకాళహస్తిలో కలము పట్టకముందే బట్టను కరక్కాయరసమునను పాలయందును నానవేసి ఎండబెట్టుదురు. పాలలోని క్రొవ్వు రంగు పారకుండ నిలుపును. రంగుయొక్క నడత బట్టను సిద్ధపరచుటలోనే నిర్ణయమగునన్న సత్యమును వారు తరతరములుగ ఎరిగినవారు. తెర అచ్చునకు పాలు అక్కరలేదు. బట్టను ముందుగ ఉతికి, ఆర్చి, ముడుతలు లేక ఇస్త్రీచేసిన చాలును.

రెండవది జంటనీడ, అనగా ఒక అక్షరము ప్రక్క మరియొక అక్షరము మసకగా పడుట. అచ్చువేయునపుడు బట్ట కదలినను, వల వదులైనను ఇది కలుగును. అల్లికబట్టయగు టీ షర్టు లాగినకొలది సాగునది. అందుచే బల్లకు జిగురు పలుచగ పూసి, షర్టును సాగదీయక పరచవలయును. వేలితో మీటగా డోలుతోలువలె మోగని వలను మరల బిగింపవలయును. రెండు రంగుల పనిలో, ముఖ్యముగ రాజ్యోత్సవపు పసుపు ఎరుపుల పనిలో, తెర చట్రమును బల్లకు బందులతో బిగించి, షర్టు ఉంచు చోటును గీతలతో గుర్తింపవలయును. చేతితో అంచనావేసి తెరనుంచువాని రెండవరంగు ఎన్నడును మొదటిదానిపై సరిగా కూర్చుండదు.

మూడవది అచ్చు అచ్చటచ్చట పలుచనగుట. బల్ల ఎగుడుదిగుడుగ ఉన్నను, షర్టు కుట్టు అక్షరముల క్రిందికి వచ్చినను, తెరపై రంగు చాలకున్నను ఇట్లగును. బల్లపై మెత్తని పలుచని పరుపు వేసి, కుట్టులను బల్ల అంచునకు వెలుపల విడువవలయును.

తెరలో రంగు ఎండుట

నీటిలో కలియు పిగ్మెంటు రంగు చౌకయైనది, బట్టపై మెత్తనిది, ఇంటిపనికి తగినది. కాని పొడిగాలి వీచు బళ్ళారి వేసవిలో అది కొద్దినిమిషములలోనే వలగడులలో ఎండిపోవును. ముందుగా మూసుకొనునవి చిన్నతెరువులే. కావున పదవ షర్టున ఠకారపు చుక్క, పండ్రెండవ షర్టున ఫకారపు గీత మాయమగును. పెద్దయక్షరములు చక్కగానే పడుచుండుటచే పనివాడు గమనింపడు. గట్టకట్టిన తరువాత ఒత్తిడిని పెంచుట వ్యర్థము. అట్లు చేసినచో చిన్నతెరువులు తెరచుకొనక, పెద్దవి పారును.

దీనికి నివారణలు సులభములు. ప్రతి అచ్చు పిమ్మట తెరనెత్తి, ఒత్తిడిలేక రంగును తెరువులపై మరల పరచియుంచవలయును. ఆ రంగుపొర వలను తడిగా నుంచును. నేరుగా ఫంకాగాలి తగులు చోట పని చేయరాదు. తెల్లవారుజామున పని ఆరంభించి ఎండ ముదురకముందే ముగించుట ఉత్తమము. రంగు తయారుచేయువారు సూచించిన, ఎండుటను నెమ్మదింపజేయు ద్రవ్యమును మితముగ కలుపవచ్చును. నడుమ ఆగవలసివచ్చినచో తెరను తడిబట్టతో తుడిచియే లేవవలయును. ఒకసారి పూర్తిగా ఎండిన రంగు వలను శాశ్వతముగ పాడుచేయును.

ఉతికిన పిదప కనబడు దోషము

‘బళ్ళారి ఎండయే చాలును, వేరే వేడి ఏల?’ అని తలచువారు కలరు. ఎండిపోవుట వేరు, స్థిరపడుట వేరు. ఎండ నీటిని మాత్రము తీసివేయును. పిగ్మెంటును బట్టకు పట్టియుంచు బైండరు గట్టిపడుటకు సాధారణముగ 150 డిగ్రీల వేడిమి నాలుగైదు నిమిషములు కావలయును. ఎంతటి ఎండయు ఆ వేడిమిని చేరదు. ప్లాస్టిసాల్ అను రంగు గాలికి ఎండనే ఎండదు. దాని పొర అంతయు సుమారు 160 డిగ్రీలకు చేరిననే గట్టిపడును. పైపొర మాత్రము వేడెక్కినచో చేతికి ఆరినట్లుండి, లాగినపుడు పగులును, ఉతికినపుడు పెచ్చులుగ లేచును.

ఇంటివారు ఇస్త్రీపెట్టెను వాడునపుడు షర్టు పూర్తిగ ఆరిన పిదప, అచ్చుపై పలుచని నూలుబట్ట పరచి, ఆవిరి లేక, చోటుచోటుగ పలుమార్లు ఒత్తవలయును. పని హెచ్చైనచో ఉష్ణోగ్రతను సమముగ నిలుపు ఒత్తుయంత్రము మేలు. చల్లనివేళనే స్థిరపడుటకు కలుపు ఫిక్సరు ద్రవ్యములును కలవు; కాని ఫిక్సరు కలిపిన రంగు నిలువయుండదు. ఆ పూటకు కావలసినంతయే కలుపుకొనవలయును. నిన్నటి మిగులుతో నేటి పని సాగించినచో తెరయు చెడును, పట్టును చాలదు.

ఏ విధానమైనను ఉతికి చూడనిదే షర్టులు అప్పగింపరాదు. మొదటి షర్టును స్థిరపరచి, ఒక దినము ఆగి, సబ్బునీట రుద్ది ఉతికి, వెలసినదో లేదో చూడవలయును. ఈ ఒక్క దినపు ఓపిక పిల్లలు క్రీడోత్సవమున తొడిగి, తల్లులు ఇంట ఉతికిన పిమ్మట వచ్చు నిందను తప్పించును.

ఎర్రని, నీలి పాలియెస్టరు షర్టులపై వేసిన తెల్లయక్షరము కొన్ని గంటలకో దినములకో గులాబిరంగుగనో నీలిగనో మారుట మరియొక వింత. అధికతాపమున షర్టులోని రంగు ఆవిరియై తెల్లపొరలోనికి చొచ్చుటయే దీనికి హేతువు. కొనునపుడే నూలుషర్టులను ఎన్నుకొనుట, లేనిచో పాలియెస్టరుకై చేసిన, తక్కువవేడిమిని స్థిరపడు తెల్లరంగును వాడుట దీనికి ఉపాయము. ముదురుబట్టపై పసుపు, ఎరుపు వెలవెలబోయినచో ముందుగ తెల్లని అడుగుపొర వేసి, దానిని పైపైన ఆర్చి, దానిపై కావలసిన రంగు వేయవలయును.

కొన్ని హెచ్చరికలు

పాతరకపు ఎమల్షనులలో కాంతిని గ్రహించుటకు కలుపు బైక్రోమేటు నారింజవన్నె లవణము విషము. చర్మమును పుండ్లుచేయుటయేకాక క్యాన్సరు కారకము. అది లేని ఎమల్షనులు నేడు దొరకుచున్నవి. ఇంటిలో అవియే వాడవలయును. వంటగదిపాత్రలను ఈ పనికి తీసికొనరాదు. రంగు, ఎమల్షను కడిగిన నీటిని తుంగభద్ర కాలువలలోనికిగాని, వీధికాలువలోనికిగాని విడువక, ముద్దరంగును ముందుగ గరిటెతో తీసి డబ్బాకెత్తి, తెరను పాతబట్టతో తుడిచి, అటుపిమ్మటనే కడుగవలయును. ఇస్త్రీ, ఒత్తుయంత్రములు నడుచునపుడు గదికి గాలివచ్చునట్లు చూచుకొని, పసిపిల్లలను దూరముగ నుంచవలయును.

ఉపసంహారము

ఇంతవరకు చెప్పిన దోషములన్నిటను ఒక సామాన్యధర్మము కనబడును. బట్టపై తప్పు కనబడు చోటొకటి, అది పుట్టు చోటు వేరొకటి. ఉతికిననాడు వెలసిన అక్షరము వేడిమిలో చెడినది. పూడిన వృత్తము స్క్వీజీ వాలులో చెడినది. పడని చుక్క ఫిల్ముపై నలుపు చాలనినాడే చెడినది. కావున పనివాడు ఎదురుగ కనబడుదానితో పెనగులాడక, వచ్చిన దారినే వెనుకకు నడువవలయును. ఒక్కొక్కసారి ఒక్కటే మార్చి, ఫలితమును చూడవలయును. వల సంఖ్య, వెలుతురు చూపిన కాలము, మాసము, రంగునందలి పాళ్ళు, వేడిమి, ఇవి ఒక చిన్నపుస్తకమున వ్రాసియుంచినచో వచ్చు ఏటి ఆగస్టు పని ఈ ఏటి తప్పులనుండి ఆరంభము కాదు.

పని తుదిని మరియొక ఆచారము పాటింపదగినది. మొదటి మంచి అచ్చును ఎదుట వ్రేలాడదీసి, ప్రతి ఐదవ షర్టును దానితో పోల్చవలయును. పోల్చునపుడు అక్షరపు పెద్దభాగములను కాక, చిన్నభాగములనే చూడవలయును: ఠకారపు చుక్క, ధకారపు గీత, ఒత్తుల తోక. అవి నిలిచియున్నచో తక్కినవన్నియు నిలిచియుండును. తెలుగు చదువనేరని పనివాడైనను ఈ మూడు గురుతులను నేర్చుకొనినచో తెలుగుపని తప్పులేక చేయగలడు. చదువనేర్చిన బాలుడొకడు ఇంట ఉన్నచో ఆ పరీక్షను వానికే అప్పగింపవచ్చును. చుక్కతో కూడిన ‘పాఠశాల’ను వాడు బడిలో నేర్చినవాడే కదా.